పొటాషియం తగ్గితే గుండె లయ ఎందుకు తప్పుతుంది?

పరకాల నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మగారికి 58 ఏళ్లు, బీపీకి గోలీలు వాడుతున్నారు. మే నెలలో మూడు రోజుల పాటు విరేచనాలు, వాంతులు. ఊళ్లోనే రెండు బాటిళ్లు గ్లూకోజ్ ఎక్కించి, యాంటీబయాటిక్, వాంతుల గోలీ ఇచ్చారు. నాలుగో రోజు గుండె దడ మొదలై, చక్కరొచ్చి వాకిట్లో పడిపోయారు. రెండు నిమిషాల్లో తానే తేరుకున్నారు. హన్మకొండలో చేర్పిస్తే పొటాషియం 2.6, ఈసీజీలో క్యూటీ 540, మధ్యమధ్యలో అదనపు బీట్లు. ఐసీయూలో పొటాషియం, మెగ్నీషియం ఎక్కించాక సర్దుకుంది. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు. ఇక వాళ్ల సందేహాలు: "గుండెలో కరెంట్ ప్రాబ్లం అన్నారు. బ్లాకులే లేనప్పుడు కరెంట్ ఎందుకు చెడింది? విరేచనాలకూ గుండెకూ ఏం సంబంధం? అవే గోలీలు మా పక్కింటాయన కూడా వేసుకున్నాడు, ఆయనకేం కాలేదు. ఇది మళ్లీ వస్తుందా? జీవితాంతం మందు వాడాలా?"

నేను హన్మకొండలో గుండె డాక్టర్‌ని. ఎండాకాలం వచ్చిందంటే ఇలాంటి కేసులు మాకు వస్తూనే ఉంటాయి. మీ అమ్మగారి ఫైలు నేను చూడలేదు కాబట్టి మందుల విషయం చూస్తున్న డాక్టర్‌తోనే తేల్చుకోండి. లోపల ఏం జరిగి ఉంటుందో మాత్రం వివరంగా చెప్తాను. అది అర్థమైతే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

ముందు బ్లాకుల సంగతి తేల్చేద్దాం. యాంజియోగ్రామ్ చూపించేది గుండెకు రక్తం తెచ్చే నాళాలను. నాళాలు బాగుంటే కండకు రక్తం అందుతోందని అర్థం, అంతవరకే. ఆ కండలోని ఒక్కో కణం తన చార్జిని సరిగా మార్చుకుంటోందా లేదా అన్నది యాంజియోగ్రామ్‌లో కనిపించదు. మీ అమ్మగారికి తేడా వచ్చింది అక్కడ.

గుండె కండ కణానికి చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరకు లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. కణం లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటే, రక్తంలో ఉండాల్సింది 3.5 నుంచి 5 మాత్రమే. సోడియం దీనికి తలకిందులు: బయట 140 దాకా, లోపల పది పదిహేను. ఈ తేడా దానంతటది నిలవదు. పొరలో ఉన్న ఒక పంపు మూడు సోడియంలను బయటికి నెట్టి రెండు పొటాషియంలను లోపలికి లాక్కుంటూ, రాత్రింబవళ్లు శక్తి ఖర్చుపెట్టి దాన్ని నిలబెడుతుంది. కణం ఊరికే ఉన్నప్పుడు కొన్ని పొటాషియం ఛానెళ్లు తెరుచుకునే ఉంటాయి. వాటిగుండా పొటాషియం కొద్దికొద్దిగా బయటికి జారుతుంది. అది ప్లస్ చార్జి మోసే అయాన్ కాబట్టి పోతూపోతూ లోపల మైనస్ మిగిల్చిపోతుంది. అందుకే విశ్రాంతిలో ఉన్న జఠరిక కణం లోపల, బయటితో పోలిస్తే, సుమారు మైనస్ 90 మిల్లీవోల్టులు ఉంటుంది. గుండెలో కరెంట్ అంటే ఇదే. తీగలూ స్విచ్చులూ ఏమీ లేవు, ఉప్పు అయాన్లు అటూ ఇటూ దాటడమే.

పక్క కణం నుంచి సంకేతం అందగానే సోడియం ఛానెళ్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొస్తుంది. ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే వోల్టేజీ మైనస్ 90 నుంచి ప్లస్ 20, 30 దాకా ఎగబాకుతుంది. ఆ వెంటనే కాల్షియం ఛానెళ్లు తెరుచుకుంటాయి. కండ బిగుసుకోవడానికి కావాల్సింది ఆ కాల్షియమే. కాల్షియం లోపలికి వస్తుంటే పొటాషియం బయటికి పోతుంటుంది. రెండూ ఇంచుమించు సరిసమానం కావడంతో వోల్టేజీ కాసేపు పైనే నిలబడుతుంది. తర్వాత కాల్షియం ఛానెళ్లు మూసుకుంటాయి, పొటాషియం బయటికి పోవడం మాత్రం సాగుతుంది, కణం మళ్లీ మైనస్ 90కి దిగుతుంది. ఇదంతా 200 నుంచి 300 మిల్లీసెకన్ల పని. నరంలో ఇలాంటిదే ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగుస్తుంది. గుండె కణం ఇంతసేపు తీసుకోవడంలో ఒక రక్షణ ఉంది. కిందికి దిగేదాకా అది ఇంకో సంకేతానికి స్పందించదు. రాత్రిపూట పిక్కలు పట్టేసినట్టు గుండె పట్టేయకపోవడానికి కారణం ఈ ఆలస్యమే.

ఈసీజీ కాగితం మీద నిటారుగా లేచే క్యూఆర్ఎస్, జఠరిక కణాలన్నీ పైకి ఎగబాకడం. దాని తర్వాత గుండ్రంగా వచ్చే టీ అల, అవన్నీ కిందికి దిగడం. క్యూఆర్ఎస్ మొదలు నుంచి టీ చివరిదాకా ఉన్న వ్యవధిని క్యూటీ అంటారు. నాడి వేగానికి సరిచేశాక మగవాళ్లలో 450, ఆడవాళ్లలో 460 మిల్లీసెకన్ల దాకా మామూలుగా తీసుకుంటాం. 500 దాటితే మాకు భయం మొదలవుతుంది. మీ అమ్మగారి 540 చెప్పేది ఒక్కటే: కణాలు పైకి ఎక్కడం బాగానే ఉంది, దిగడానికి చాలాసేపు పట్టింది.

లయను మొదలుపెట్టే సైనస్ నోడ్ గురించి ఎక్కువ చెప్పను, ఈ కథలో దాని తప్పేం లేదు. అది కుడి కర్ణిక పైభాగంలో ఉంటుంది, 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. అక్కడి కణాలకు విశ్రాంతి అన్నదే లేదు. ఒక బీట్ ముగియగానే సోడియం మెల్లగా లోపలికి కారుతూ తర్వాతి బీట్‌ను తయారుచేస్తుంది. ఆ కారే ప్రవాహానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు నిజంగానే ఫన్నీ కరెంట్. సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొడుతుంది. అది ఆగిపోతే కర్ణికలకూ జఠరికలకూ మధ్యలోని ఏవీ జంక్షన్ 40 నుంచి 60తో, అదీ లేకపోతే జఠరికలు 20 నుంచి 40తో నెట్టుకొస్తాయి. పేస్‌మేకర్ అవసరమయ్యేది ఈ రకం సమస్యలకు. మీ అమ్మగారిది అది కాదు. అందుకే ఎవరూ పేస్‌మేకర్ మాట ఎత్తి ఉండరు.

ఇక పొటాషియం. ఇక్కడ చదువుకునే డాక్టర్లు కూడా తికమకపడతారు. రక్తంలో పొటాషియం తగ్గితే లోపలికీ బయటికీ ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది కదా, అంటే పొటాషియం ఇంకా జోరుగా బయటికి పోవాలి, కణం ఇంకా తొందరగా కిందికి దిగాలి, క్యూటీ తగ్గాలి. లెక్క ప్రకారం అంతే. జరిగేది మాత్రం దానికి పూర్తిగా ఎదురు. కణాన్ని దించే పొటాషియం ఛానెళ్లలో ముఖ్యమైన హెర్గ్ అనే ఛానెల్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది. బయట కొంత పొటాషియం ఉంటేనే అది సరిగా తెరుచుకుని పనిచేస్తుంది. బయట పొటాషియం పడిపోతే ఛానెల్ మూగబోతుంది, బయటి సోడియం కూడా దాన్ని ఎక్కువగా అడ్డుకుంటుంది. విశ్రాంతి వోల్టేజీని పట్టి ఉంచే ఇంకో రకం పొటాషియం ఛానెళ్లు కూడా నీరసిస్తాయి. తోసే బలం పెరిగింది, వెళ్లే దారి మూసుకుంది. అందువల్ల కణం పైనే ఎక్కువసేపు చిక్కుకుపోతుంది.

అలా చిక్కుకుపోతే ఏమవుతుంది? ఒకసారి మూసుకున్న కాల్షియం ఛానెళ్లలో కొన్ని ఆ మధ్యస్థాయి వోల్టేజీలో కోలుకుని మళ్లీ తెరుచుకుంటాయి. దిగాల్సిన కణం సగం దారిలో మళ్లీ పైకి లేస్తుంది. చుట్టుపక్కల కణాలు దానికి స్పందిస్తే అది ఒక అదనపు బీట్ అవుతుంది. ఈసీజీలో రాసిన వీపీసీలు అవే. అదనపు బీట్ తర్వాత గుండె కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. గుండె జారినట్టు, ఒక దెబ్బ తప్పినట్టు అనిపించేది ఆ ఆగడం వల్లే. ఆగిన తర్వాత వచ్చే బీట్‌లో కణం ఇంకా నెమ్మదిగా దిగుతుంది. కాబట్టి మళ్లీ సగంలో లేచే అవకాశం ఇంకా ఎక్కువ. ఈ వరస ఒకసారి పట్టుకుందంటే నిమిషానికి 200, అంతకు మించిన వేగంతో జఠరికలు కొట్టుకోవడం మొదలవుతుంది. కాగితం మీద ఆ గీతలు ఒక ఇరుసు చుట్టూ మెలితిరిగినట్టు ఉంటాయి. 1966లో డెసెర్టెన్ అనే ఫ్రెంచి డాక్టర్ దీన్ని వర్ణించి టోర్సాడ్ అని పేరు పెట్టాడు. ఆ వేగంలో గుండె నిండదు, మెదడుకు రక్తం అందదు, మనిషి పడిపోతాడు. చాలాసార్లు అది కొన్ని సెకన్లలో తనే ఆగిపోతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. మీ అమ్మగారికి వాకిట్లో జరిగింది బహుశా ఇదే. ఆగకపోతే ప్రాణం పోయేది. మూర్ఛ అనో, ఎండకు నీరసం అనో వదిలేయకుండా ఈసీజీ తీయించారు చూడండి, అది ఆమెను కాపాడింది.

పొటాషియం తగ్గడం వల్ల ఇంకో దెబ్బ కూడా ఉంది. ఇందాక చెప్పిన పంపుకు బయట పొటాషియం దొరక్కపోతే నెమ్మదిస్తుంది. లోపల సోడియం పేరుకుంటుంది. సోడియాన్ని లోపలికి తీసుకుని కాల్షియాన్ని బయటికి పంపే మార్గం మందగించి, ఒక్కోసారి తలకిందులై లోపల కాల్షియం నిండిపోతుంది. అప్పుడు కణం పూర్తిగా దిగిన తర్వాత కూడా తనంతట తాను లేస్తుంది. గుండె జబ్బుకు ఇచ్చే డిజాక్సిన్ గోలీ ఎక్కువైనప్పుడు లయ తప్పేది కూడా ఈ దారిలోనే, ఆ మందు పని చేసేది ఆ పంపు మీదే. డిజాక్సిన్ వాడేవాళ్లకు పొటాషియం తగ్గనివ్వొద్దని అంతగా చెప్పడానికి కారణం ఇదే.

"పక్కింటాయనకేం కాలేదు" అన్న ప్రశ్న చాలా మంచిది. దీనికి జవాబు దొరికితే "మళ్లీ వస్తుందా" అన్నదానికి కూడా దొరుకుతుంది. కణాన్ని కిందికి దించడానికి ఒకటి కాదు, మూడు నాలుగు రకాల పొటాషియం ఛానెళ్లు ఉన్నాయి. ఒకటి నీరసించినా మిగతావి సర్దుకుంటాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న గుండెకు కొంత మిగులు ఉంటుంది. ఒక్క కారణం ఆ మిగులును తినేయలేదు. అయిదారు కారణాలు ఒకేవారంలో కలిస్తే తినేస్తాయి. మీరు రాసినదాంట్లోనే అవి ఎన్ని ఉన్నాయో చూడండి.

ఆమె బీపీ గోలీ స్ట్రిప్ తీసి పేరు చివర చూడండి. హెచ్ అనో సీటీ అనో ఉంటే అందులో మూత్రం ఎక్కువ చేసే మందు (నీటి మందు) కలిసి ఉంది: హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ అంటే క్లోర్‌థాలిడోన్. రెండూ మంచి మందులే, నేనూ రాస్తాను. కానీ అవి మూత్రంలో పొటాషియాన్నీ మెగ్నీషియాన్నీ పంపేస్తాయి. దాని మీద మూడు రోజుల విరేచనాలు, అందులో పొటాషియం నేరుగా పోతుంది. దాని మీద వాంతులు. వాంతుల్లో ఉండే పొటాషియం తక్కువే అయినా, ఆమ్లం పోయినందువల్ల కిడ్నీలు పొటాషియాన్ని బయటికి వదిలేస్తాయి. మే నెల ఎండ, అన్నం సయించకపోవడం ఎలాగూ ఉన్నాయి. ఆపైన విరేచనాలకు ఇచ్చిన యాంటీబయాటిక్. మన దగ్గర ఎక్కువగా రాసేది ఓఫ్లాక్సాసిన్ కలిసిన గోలీ. ఆ కుటుంబం మందులు, అజిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఓండాన్‌సెట్రాన్, గ్యాస్ గోలీల్లో కలిసి వచ్చే డోమ్‌పెరిడోన్, ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్, కీళ్లవాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్, మానసిక జబ్బులకు ఇచ్చే హాలోపెరిడాల్: వీటికి రోగాల పరంగా ఒకదానికొకటి పొత్తు లేదు. అన్నీ ఎంతో కొంత అడ్డుకునేది మాత్రం ఆ ఒక్క హెర్గ్ ఛానెల్‌నే. దాని లోపలి భాగం వెడల్పుగా ఉండటం వల్ల రకరకాల మందుల అణువులు అందులో ఇరుక్కుంటాయి. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందును 1998లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేసింది కూడా ఇందుకే. ఈథర్ మత్తులో కాళ్లాడిస్తూ గంతులేసే పండ్ల ఈగల జన్యువును వెతుకుతూ పోతే ఈ ఛానెల్ కుటుంబం బయటపడింది. గుండె డాక్టర్లు ఈగలకు రుణపడటం ఇదొక్కచోటేనేమో.

ఇంకా ఆడవాళ్లకు సహజంగానే క్యూటీ మగవాళ్ల కంటే కాస్త ఎక్కువ, టోర్సాడ్ కూడా వాళ్లలోనే ఎక్కువగా చూస్తాం. పక్కింటాయన అవే గోలీలు వేసుకున్నప్పుడు ఆయన రక్తంలో పొటాషియం సరిపడా ఉండి ఉంటుంది, నీటి మాత్ర వాడుతుండకపోవచ్చు. ఆయన మిగులు ఆయనకు ఉంది.

సెలైన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. "రెండు బాటిళ్లు ఎక్కించారు కదా, ఇంకెందుకు తగ్గింది?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. మామూలు సెలైన్‌లో ఉండేది సోడియం క్లోరైడ్, పొటాషియం చుక్క కూడా ఉండదు. గ్లూకోజ్ బాటిల్ అయితే ఇంకా తిరకాసు. గ్లూకోజ్ ఎక్కితే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పొటాషియాన్ని రక్తం నుంచి కణాల్లోకి నెడుతుంది. అసలే తక్కువున్న రక్తంలో అది ఇంకా పడిపోతుంది. బాటిల్ ఎక్కాక నీరసం తగ్గాల్సింది పోయి కాళ్లు లాగేస్తున్నాయి, దడగా ఉంది అంటే దాన్ని పట్టించుకోవాలి. మింగగలిగిన మనిషికి ఓఆర్ఎస్ పొడి ఇంతకంటే మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరుకు 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. ప్యాకెట్ మీద ఎంత నీళ్లు రాశారో అంతే కలపాలి. డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు దీనికి బదులు కావు.

మెగ్నీషియం ఎందుకు ఎక్కించారన్నది కూడా ఇక్కడే చెప్తాను. మెగ్నీషియం తక్కువుంటే కిడ్నీలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు, ఎంత ఎక్కించినా మూత్రంలో కారిపోతుంది. పైగా మెగ్నీషియం ఆ కాల్షియం ఛానెళ్లు మళ్లీ తెరుచుకోకుండా అడ్డుపడుతుంది. అందుకే రక్తంలో మెగ్నీషియం మామూలుగా ఉన్నా సరే టోర్సాడ్ వచ్చినవాళ్లకు మొదటి ఇంజెక్షన్ అదే. ఏళ్ల తరబడి పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ గోలీ వేసుకునేవాళ్లలో కొందరికి మెగ్నీషియం తగ్గుతుంది. దానికి డోమ్‌పెరిడోన్ కలిపిన గోలీ మన ఇళ్లలో పొద్దున్నే టీ కంటే ముందు పడుతుంది. రెండు వైపుల నుంచీ ఇబ్బందే. అవసరం ఉందో లేదో అడక్కుండా ఏళ్లకేళ్లు వాడటం నాకు నచ్చని అలవాటు.

"అరటిపండ్లు పెడితే సరిపోయేది కదా, ఐసీయూ ఎందుకు" అని కూడా అడుగుతుంటారు. ఒక మధ్యరకం అరటిపండులో ఉండేది సుమారు 10, 11 మిల్లీ ఈక్వివలెంట్లు. ఒంట్లోని పొటాషియంలో 98 శాతం కణాల లోపల ఉంటుంది కాబట్టి, రక్తంలో 2.6 కనిపిస్తే మొత్తం మీద లోటు వందల్లో ఉంటుంది. అలాగని నరంలోకి గబగబా ఎక్కిస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. సాధారణంగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్ల చొప్పున, మానిటర్ చూస్తూ ఎక్కిస్తారు. ఐసీయూ అందుకే.

పొటాషియం ఎక్కువైనా గుండె చెడుతుందని మర్చిపోవద్దు. ఇది వేరే రకంగా జరుగుతుంది. బయట పొటాషియం పెరిగితే లోపలిది బయటికి జారడం తగ్గి విశ్రాంతి వోల్టేజీ మైనస్ 90 నుంచి పైకి జరుగుతుంది. ఆ స్థాయిలో సోడియం ఛానెళ్లలో చాలావరకు పనికిరాకుండా ఉండిపోతాయి. సంకేతం నెమ్మదిస్తుంది. ఈసీజీలో టీ అల ముందు కొనదేలి నిలబడుతుంది, తర్వాత క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది, చివరికి గుండె ఆగుతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఎండాకాలం చల్లగా ఉంటుందని రోజూ కొబ్బరి నీళ్లు తాగి ఇలా వస్తారు. కాబట్టి మీ అమ్మగారికి మిగిలిన పొటాషియం సిరప్‌ను ఇంట్లో ఇంకెవరికైనా కాళ్లు లాగుతున్నాయని పోయకండి.

లయ తప్పే ఇంకో పెద్ద మార్గం ఉంది. అమ్మగారికి సంబంధం లేదు కానీ మీ ఇంట్లోనో బంధువుల్లోనో ఎవరికో ఒకరికి ఉండే అవకాశం ఉంది కాబట్టి చెప్తాను. ఇందులో ఏ కణమూ తనంతట తాను లేవదు. ఒకే సంకేతం ఆరిపోకుండా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. వరి కోసిన మడిలో కొయ్యకాళ్లకు నిప్పు పెడితే మంట ముందుకే పోతుంది, కాలిన వైపు కాలడానికి ఏమీ మిగలదు కాబట్టి వెనక్కి రాదు. గుండె కణం మాత్రం పావు సెకనులో మళ్లీ సిద్ధమైపోతుంది. మధ్యలో కాలని గుట్ట ఒకటి ఉండి, మంట నెమ్మదిగా దాన్ని చుట్టి వచ్చేలోపు మొదటి చోటు సిద్ధమైతే ఇక అది ఆరదు. గతంలో హార్ట్ ఎటాక్ వచ్చి మానిన మచ్చ చుట్టూ ఇలా తిరిగితే జఠరికలు అతివేగంగా కొట్టుకునే ప్రమాదకరమైన వీటీ వస్తుంది. ఎటాక్ వస్తున్న మొదటి గంటలోనైతే రక్తం అందని కణాల నుంచి పొటాషియం బయటికి కారి, పైన చెప్పినట్టే సంకేతం నెమ్మదించి, చిన్నచిన్న చుట్లుగా చీలిపోయి గుండె వణకడం మొదలవుతుంది. దానికి షాక్ ఒక్కటే మందు, అది వచ్చేదాకా ఛాతీ మధ్యలో గట్టిగా, ఆపకుండా నొక్కుతూ ఉండటం, 108కి ఫోన్ చేయించడం.

కొందరికి పుట్టుకతోనే ఏవీ నోడ్ దగ్గర రెండు దారులుంటాయి. ఉన్నట్టుండి 180 వేగంతో దడ మొదలై, ఉన్నట్టుండి ఆగిపోతుంది. భయపెట్టేంతగా ఉంటుంది గానీ చాలావరకు ప్రాణాంతకం కాదు. కూర్చుని ఖాళీ సిరంజిలోకి 15 సెకన్లు గట్టిగా ఊది, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి ఇంకొకరు కాళ్లు పైకెత్తి 15 సెకన్లు పట్టుకుంటే, 2015లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో 43 శాతం మందికి ఆగిపోయింది. పాత పద్ధతిలో ఉత్త ఊదడంతో 17 శాతమే. అలా చేసినప్పుడు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం చురుకై ఏవీ నోడ్‌లో పొటాషియం ఛానెళ్లు తెరిపించడంతో ఆ చుట్టు తెగిపోతుంది. ఆ అదనపు దారిని కాల్చేసే అబ్లేషన్ చేయించుకుంటే చాలామందికి శాశ్వతంగా పోతుంది.

కర్ణికలు అస్తవ్యస్తంగా వణికే ఏఎఫ్ ఇంకోటి. మన వైపు చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి మైట్రల్ వాల్వ్ సన్నబడినవాళ్లలో ఇది ఎక్కువ. అందులో లయ కంటే కూడా కర్ణికలో గడ్డకట్టి మెదడుకు పోయే రక్తం భయం. వాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అసిట్రోమ్ లాంటి గోలీ, దాని మోతాదు సరిపోతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఎగ్గొట్టకూడదు. ఇది ఇంకో రోజు రాయాల్సినంత పెద్ద విషయం.

"ఆ అదనపు బీట్లు రాకుండా గోలీ ఇవ్వండి" అని మీరు అడగబోతున్నారని తెలుసు. అందరూ అడుగుతారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే ఆలోచించారు. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లలో ఇలాంటి బీట్లను ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులతో అణిచేస్తే ఎక్కువమంది బతుకుతారని అమెరికాలో కాస్ట్ అనే పరీక్ష చేశారు. మందులు బీట్లను అద్భుతంగా తగ్గించాయి. 1991లో ప్రచురించిన లెక్క మాత్రం ఇది: మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, మందు లేని ఉత్త గోలీ తీసుకున్న 743 మందిలో 26 మంది. సోడియం ఛానెళ్లను అడ్డుకునే ఆ మందులు సంకేతాన్ని నెమ్మదింపజేసి, దెబ్బతిన్న గుండెలో గుండ్రంగా తిరగడానికి దారి చేసిపెట్టాయి. కాగితం శుభ్రంగా కనిపించింది, మనిషి పోయాడు. అప్పటి నుంచి మా పద్ధతి మారింది. బీట్ ఎందుకు వస్తోందో ఆ కారణాన్ని వెతుకుతాం. కారణం పోయి, గుండె ఎకో బాగుండి, అక్కడక్కడా ఒక వీపీసీ మిగిలితే దాన్ని వదిలేస్తాం. నిద్ర తక్కువైనా, టెన్షన్ పెరిగినా ఆరోగ్యవంతులకూ అవి వస్తాయి.

కాబట్టి జీవితాంతం లయ మందు అవసరం మీ అమ్మగారికి చాలావరకు ఉండకపోవచ్చు. చేయాల్సింది ఆ మిగులును మళ్లీ నింపడం, ఇంకోసారి తరగకుండా చూడటం. బీపీ గోలీని మీరే ఆపేయకండి, అందులోని నీటి మందు మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి. ఇకపై ఎప్పుడు విరేచనాలు, వాంతులు పట్టుకున్నా ఆ రోజులకు నీటి మందు ఏం చేయాలో ముందే కాగితం మీద రాయించుకోండి. పొటాషియం కనీసం 4 దగ్గర ఉండేలా చూస్తారు, దాంతోపాటు మెగ్నీషియం, క్రియాటినిన్ పరీక్షలు. డిశ్చార్జి సమరీలోని 540 క్యూటీ పేజీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లినా గోలీ తీసుకునే ముందు అది చూపించి, క్యూటీ పెంచే మందు ఇవ్వొద్దని చెప్పండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే జ్వరం, దగ్గు, విరేచనాల గోలీలు ఆమెకు ఇక కుదరవు.

ఒక్క పని మిగిలింది, దీన్ని చాలామంది వదిలేస్తారు. పొటాషియం మామూలుగా ఉండి, ఆ గోలీలన్నీ ఆపి కొన్ని వారాలైన తర్వాత ఇంకో ఈసీజీ తీయించండి. క్యూటీ మామూలుకు వస్తే సరే. అప్పటికీ పొడుగ్గానే ఉంటే పుట్టుకతో వచ్చే లాంగ్ క్యూటీ గురించి ఆలోచించాలి. ఆ ఛానెళ్ల జన్యువుల్లో లోపంతో సుమారు రెండు వేల మందిలో ఒకరు పుడతారు, కొందరికి యాభై అరవై ఏళ్లదాకా బయటపడదు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో నిద్రలో పోయారా, ఈత కొడుతూ మునిగారా, పరుగెత్తుతూనో అలారం మోతకు ఉలిక్కిపడో పడిపోయారా, మూర్ఛ అని మందులు వాడినా తగ్గనివాళ్లు ఉన్నారా అని పెద్దవాళ్లను అడగండి. అవునంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పి, మీదీ, మీ తోబుట్టువులదీ, పిల్లలదీ ఒక్కొక్క ఈసీజీ తీయించండి. నిర్ధారణ అయితే ప్రొప్రనొలాల్, నాడొలాల్ లాంటి పాత మందులతోనే చాలామందిని కాపాడుకోవచ్చు.